అడవిలో నడక నేర్పిన పోలీసు

1993 జనవరి 27. రిపబ్లిక్ డే మర్నాడు. హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో ఒక సీనియర్ ఐపీఎస్ అధికారి జాగింగ్ చేస్తున్నారు. నక్సలైట్లు అక్కడే ఆయన్ని కాల్చి చంపారు. ఆయన పేరు కె.ఎస్. వ్యాస్.

మనలో చాలామందిమి అప్పటికి పుట్టనే లేదు. అందుకే ఈ పేరు చెబితే ‘ఏ వ్యాస్?’ అనే అడుగుతాం. అదే గ్రేహౌండ్స్ అనండి, ఠక్కున వెలుగుతుంది. 1989లో ఆ దళానికి ప్రాణం పోసిన మనిషి ఈయనే. బెజవాడలో కాస్త వయసు పైబడినవాళ్లని కదిపితే ఇంకో వ్యాస్ గురించి చెబుతారు. రౌడీలు ఊరేలిన రోజుల్లో ఇక్కడ పనిచేసి, వాళ్లకి కంటిమీద కునుకు లేకుండా చేసిన ఆఫీసర్ గురించి. ఆ కథలకి కొదవ లేదు, టీ కొట్టు దగ్గర కలిసే మసాలాకీ కొదవ లేదు. వాటిని అక్కడే వదిలేద్దాం. నాకు ఆసక్తి కలిగించింది ఆయన చేసిన రెండో పని. మామూలు కానిస్టేబుల్‌కి ప్రాణాలతో తిరిగి రావడం ఎలాగో నేర్పడం.

ఇదేం గొప్ప అనిపించొచ్చు. అప్పటి పరిస్థితి తెలిస్తే అలా అనిపించదు.

1980లో పీపుల్స్‌వార్ పార్టీ పెట్టింది కొండపల్లి సీతారామయ్య. మా ఊరి పేరు ఆయన ఇంటిపేరు కావడం వల్ల బయట ఊళ్లలో ‘మీది కొండపల్లా? అయితే ఆయనది మీ ఊరేనా?’ అని అడిగేవాళ్లు ఉన్నారు. కాదు, కానీ అప్పట్లో జిల్లా మాత్రం ఇదే. కృష్ణా జిల్లా మనిషి. చివరికి 2002లో కన్నుమూసింది కూడా విజయవాడలోనే. ఆయన మొదలుపెట్టిన పార్టీ పదేళ్లు తిరక్కుండానే ఉత్తర తెలంగాణలో, గోదావరి అడవుల్లో పోలీసుల్ని స్టేషన్ గేటు దాటాలంటే ఆలోచించుకునేలా చేసింది. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీ గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారుల్నే ఎత్తుకెళ్లారు. జైల్లో ఉన్న తమవాళ్లని విడిపించుకున్నాకే వదిలారు. గిరిజనుల కోసం జీవితం ధారపోసిన శంకరన్‌నే పట్టుకెళ్లారంటే, అడవిలో అప్పుడు ఎవరి మాట చెల్లేదో అర్థం చేసుకోవచ్చు.

ఈ యుద్ధంలో ఎక్కువగా పోయింది కింది ఉద్యోగులే. ఊళ్లో గొడవలు సర్దడానికి, బందోబస్తు కాయడానికి, కోర్టుకి ముద్దాయిల్ని తీసుకెళ్లడానికి తర్ఫీదైన కానిస్టేబుల్ చేతికి తుపాకీ ఇచ్చి, జీపెక్కించి, అడవిలోకి పంపేవాళ్లు. దారి తెలియదు, భాష రాదు. ఎక్కడి నుంచి కాల్పులొస్తాయో తెలియదు. అవతలివాళ్లకి మాత్రం ఈ జీపు ఎన్నింటికి బయల్దేరింది, ఎందరున్నారు, ఏ దారిన తిరిగొస్తుంది అన్నీ తెలుసు.

మందుపాతర ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే మిగతా కథంతా దాని చుట్టూనే ఉంది. రోడ్డు కింద, చాలాసార్లు కల్వర్టులో, పేలుడు పదార్థం పెడతారు. దాన్నుంచి వైరు దూరంగా పొదల్లోకి లాగుతారు. అక్కడ ఒకడు కూర్చుంటాడు. బండి సరిగ్గా దాని మీదికి రాగానే నొక్కుతాడు. అంతే. ఇందులో నైపుణ్యం కంటే ఓపిక ఎక్కువ. బండి అటుగా వస్తుందన్న నమ్మకం ఉంటే చాలు. అంటే చంపేది మందుపాతర ఒక్కటే కాదు, దినచర్య కూడా. 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డి కారు అలాగే పేలిపోయింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద దాడి జరిగింది కూడా అందరికీ తెలిసిన దారి మీదే. ఆయన వెంట్రుకవాసిలో బయటపడ్డారు.

జీపు దిగండి

ఈ లెక్కకి గ్రేహౌండ్స్ కనిపెట్టిన జవాబు చూస్తే నవ్వొచ్చేంత సింపుల్‌గా ఉంటుంది. జీపు దిగి నడవండి.

అడవిలోకి బండి తీసుకెళ్లొద్దు. దూరంగా దిగిపోయి, చీకట్లో నడుచుకుంటూ వెళ్లాలి. వందలమంది బెటాలియన్‌గా కాకుండా పాతికమందో, అటూఇటూగానో ఉండే చిన్న బృందంగా వెళ్లాలి. తిండి, నీళ్లు, మందులు, తూటాలు ఎవరివి వాళ్లే మోసుకోవాలి. వెళ్లిన దారిన తిరిగి రాకూడదు. ఒకచోట క్యాంపు వేసుకుని కూర్చోకూడదు. పని అయినా కాకపోయినా బయటికి వచ్చేయాలి. వచ్చాక ఫొటోలు, ప్రెస్‌మీట్లలో పేర్లు ఉండవు. ఎవరు వెళ్లారో పక్కింటివాళ్లకి కూడా తెలియకూడదు.

సింపులే కానీ సులువు కాదు. మా ఖిల్లా మీదికి సెలవురోజు సరదాగా నడిచి వెళ్లినవాళ్లకి తెలుస్తుంది, వీపు మీద నీళ్ల బాటిలూ బిస్కెట్ ప్యాకెట్టూ ఉన్నా సగం దారిలో మోకాళ్లు ఏం అంటాయో. (ఆ ఖిల్లాని 1766లో ఇంగ్లిషువాళ్లు పట్టుకున్నాక కొన్నాళ్లు సైనికులకి శిక్షణ ఇవ్వడానికి వాడుకున్నారు. కొండ ఎక్కించడం కంటే మంచి పరీక్ష ఏముంటుందని అనుకున్నారేమో.) అలాంటి కొండలు, పూర్తి బరువుతో, రోజుల తరబడి, రాత్రిపూట, మాట బయటికి రాకుండా నడవాలి. పైగా ఏ క్షణమైనా కాల్పులు. దీనికి కుర్రాళ్లు కావాలి. అందుకే పోలీసు శాఖలోంచే వయసులో ఉన్నవాళ్లని ఏరి, డిప్యుటేషన్ మీద తెచ్చి, జీతం మీద అదనపు అలవెన్సు ఇచ్చి, కొన్నేళ్లు వాడుకుని, వయసు మీరకముందే తిరిగి జిల్లాలకి పంపే పద్ధతి పెట్టారు. దళం ఎప్పుడూ కుర్రదళంగానే ఉంటుంది. వెనక్కి వెళ్లినవాడు జిల్లా స్టేషన్లో అదే క్రమశిక్షణతో పనిచేస్తాడు.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. లీడర్‌షిప్ ట్రైనింగ్ అనగానే మన ఐటీ వాళ్లకి గుర్తొచ్చేది ఏసీ హాలు, స్టికీ నోట్సు, మధ్యలో సమోసా. గ్రేహౌండ్స్‌లో దాని అర్థం వేరు. కమాండర్ బృందంతోపాటు నడవాలి. వైర్‌లెస్ ముందు కూర్చుని ‘ముందుకెళ్లండి’ అనడం కుదరదు. కొత్తగా వచ్చిన ఐపీఎస్‌లని కూడా అసాల్ట్ కమాండర్లుగా పోస్టింగు వేసి ఈ దళంలో తిప్పే ఆనవాయితీ వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీ 1975లో మౌంట్‌ఆబూ నుంచి ఇక్కడికి మారింది. దేశం మొత్తానికి ఐపీఎస్‌లు అక్కడే తయారవుతారు. కానీ మన క్యాడర్‌కి వచ్చినవాళ్లకి అసలు పరీక్ష ఆ తర్వాత, కానిస్టేబుల్ పక్కన నేల మీద పడుకుని, వాడు తిన్నదే తిని, వాడి వెనకో ముందో నడిచినప్పుడు మొదలైంది. రేపు ఎస్పీ అయ్యాక ‘ఫలానా చోటికి మనుషుల్ని పంపండి’ అని సంతకం పెట్టే చెయ్యి, ఆ చోటు ఎలా ఉంటుందో ఒకసారి చూసొచ్చిన చెయ్యి అయ్యుంటుంది.

అది మాటల్లో కాక చేతల్లో కనిపించిన రోజు ఒకటుంది. 2013 ఏప్రిల్లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో ఆపరేషన్ ముగించుకుని బృందం తిరిగొస్తోంది. హెలికాప్టర్ వచ్చింది. మావోయిస్టులు చుట్టుముట్టి కాల్పులు జరుపుతున్నారు. సహచరులు ఎక్కేదాకా వెనక నిలబడి ఎదురుకాల్పులు జరిపిన అధికారి కె. ప్రసాద్‌బాబు. మిగతావాళ్లు ఎగిరిపోయారు, ఆయన తిరిగి రాలేదు. 2014 రిపబ్లిక్ డేకి అశోకచక్ర ప్రకటించారు. శాంతికాలంలో ఇచ్చే అత్యున్నత శౌర్య పురస్కారం అది. మన తెలుగు పోలీసుకి వచ్చిందని ఎంతమందికి తెలుసు? సినిమా డైలాగుల రీల్స్‌కి వచ్చే వ్యూస్‌లో వందోవంతు కూడా ఆ పేరుకి రావు.

బలిమెల

పద్ధతి పనిచేసింది. మిగతా రాష్ట్రాలు వచ్చి చూసి వెళ్లాయి. మహారాష్ట్ర గడ్చిరోలిలో సీ-60 వచ్చింది, ఒడిశాలో ఎస్ఓజీ వచ్చింది, కేంద్రం 2008లో సీఆర్‌పీఎఫ్ కింద కోబ్రా దళాన్ని పెట్టింది. పేర్లు మారినా తీసుకున్న పాఠం చాలావరకు ఒకటే: చిన్న బృందం, స్థానిక సమాచారం, నడక. ఇందులో రెండోది మర్చిపోకూడదు. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ అనే విభాగం ఇచ్చే సమాచారం లేకపోతే ఎంత ట్రైనింగ్ ఉన్నా అడవిలో కళ్లకు గంతలు కట్టుకుని తిరగడమే.

కానీ పద్ధతి రాసుకోవడం వేరు, ప్రతిరోజూ పాటించడం వేరు.

2008 జూన్ 29. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో బలిమెల రిజర్వాయర్. కూంబింగ్ ముగించుకుని అలసిపోయిన బలగాలు లాంచీ ఎక్కాయి. నీళ్ల మధ్య దాక్కోడానికి చెట్టు లేదు, పక్కకి దూకడానికి నేల లేదు. లాంచీ వెళ్లే దారి ఒక్కటే. ఇరుకైన చోట కొండ మీద మాటువేసిన మావోయిస్టులు పైనుంచి కాల్పులు జరిపారు. లాంచీ మునిగింది. మొత్తం 38 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు అందరూ గ్రేహౌండ్స్ కుర్రాళ్లు. చాలామందిని చంపింది తూటా కాదు, నీళ్లు.

అడవిలో మందుపాతర పెట్టిన రోడ్డు మీద జీపెక్కకూడదన్న మొదటి సూత్రాన్ని నీళ్ల మీద చదివి చూడండి. లాంచీ అంటే నీళ్ల మీద జీపే. రిజర్వాయర్ అంటే ఒకే ఒక్క దారి ఉన్న రోడ్డే. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. సర్వర్ పడిపోతే కస్టమర్ తిడతాడు, రాత్రి కూర్చుని సరిచేస్తాం. అక్కడ 38 ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. వాళ్లు అసమర్థులు కాదు, దేశంలో అంతకంటే బాగా తర్ఫీదైన పోలీసులు అప్పటికి లేరు. అయినా ఆ ఒక్కరోజు దగ్గరిదారి గెలిచింది.

రెండేళ్లకి, 2010 ఏప్రిల్ 6న, దంతెవాడ దగ్గర తాడిమెట్లలో 76 మంది చనిపోయారు. ఒక్కరు తప్ప అందరూ సీఆర్‌పీఎఫ్ జవాన్లే. విచారణ జరిపిన మాజీ అధికారి ఇ.ఎన్. రామ్మోహన్ ఎత్తిచూపిన లోపాల్లో నాయకత్వ వైఫల్యం, సమన్వయ లోపం ముందున్నాయి. మనుషులు తక్కువై కాదు, తుపాకులు తక్కువై కాదు.

ఇప్పుడు మళ్లీ ఎల్బీ స్టేడియం దగ్గరికి రండి. వెళ్లిన దారిన తిరిగి రావద్దు, ఒకచోట ఆగిపోవద్దు అని ఒక దళాన్నే తయారుచేసిన మనిషి, నగరం నడిబొడ్డున, అందరికీ తెలిసిన మైదానంలో పరిగెడుతూ దొరికిపోయాడు. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. ఎంతటి పోలీసైనా ఎక్కడో ఒకచోట మామూలు మనిషిలా చెమట పట్టించుకోవాలిగా! అడవిలో కాపాడే పద్ధతిని ఇంటిదాకా, మైదానందాకా, ట్రాఫిక్ సిగ్నల్ దాకా మోసుకెళ్లి ఎవరూ బతకలేరు. అవతలివాళ్లు సరిగ్గా ఆ సందులోంచే వచ్చారు.

ట్రాఫిక్ సిగ్నల్ అని ఊరికే అనలేదు. మన డెల్టా బిడ్డ ఉమేశ్‌చంద్ర సంగతి తెలుసా? అప్పటి గుంటూరు జిల్లా అమృతలూరు మండలం పెదపూడి ఆయనది. కడపలో ఎస్పీగా పనిచేసి ఫ్యాక్షనిస్టుల్ని గడగడలాడించిన పేరు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్సార్ నగర్ సిగ్నల్ దగ్గర కారు ఆగింది. కాల్పులు. గన్‌మన్, డ్రైవర్ చనిపోయారు. ఉమేశ్‌చంద్ర కారు దిగి, చేతిలో ఆయుధం లేకుండానే హంతకుల వెంటపడ్డారు. వాళ్లు వెనక్కి తిరిగి కాల్చారు. ముప్పై మూడేళ్ల వయసు. ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ రోజు ఆయన దగ్గర తుపాకీ ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం దండంతో పోదు.

అడగాల్సిన ఇంకో ప్రశ్న

ఇంతవరకూ చదివి ఇదేదో పోలీసు పొగడ్త అనుకునేలోపు రెండో వైపు కూడా చెప్పాలి. పోలీసుని కాపాడే శిక్షణ సరే, పోలీసు నుంచి జనాన్ని కాపాడే శిక్షణ సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్‌లో ‘ఎన్‌కౌంటర్’ అనే మాటకి ఇంగ్లిషు డిక్షనరీలో లేని అర్థం వచ్చింది ఆ రోజుల్లోనే. పట్టుకుని కాల్చి చంపి ఎదురుకాల్పులని రాస్తున్నారన్న ఆరోపణలు దశాబ్దాలపాటు వినిపించాయి. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన కె. బాలగోపాల్ ఆ పాఠాలు వదిలి జీవితమంతా ఈ లెక్కలే అడిగారు: ఎంతమంది, ఎక్కడ, ఎలా? నక్సలైట్ల హింసని కూడా ఆయన అంతే గట్టిగా తప్పుపట్టారు. 2009 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల హైకోర్టు ధర్మాసనం ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా చనిపోతే పోలీసుల మీద కేసు నమోదు చేయాల్సిందేనంది. సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే మరో కేసులో ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తు ఎలా జరగాలో 16 మార్గదర్శకాలు పెట్టింది.

వాకపల్లి సంగతి ఇంకా బరువైనది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్లో కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కొందు గిరిజన మహిళలు చెప్పారు. పదహారేళ్లు తిరిగారు. 2023 ఏప్రిల్లో కోర్టు నిందితుల్ని విడుదల చేసింది. అలా విడుదల చేస్తూనే దర్యాప్తు సరిగ్గా చేయలేదని తేల్చింది, ఆ మహిళలకి పరిహారం ఇవ్వమంది. అంటే నేరం రుజువు కాలేదు, న్యాయమూ జరగలేదు. ఆపరేషన్‌కి ముందు మ్యాపు గీసుకుని, ప్రతి అడుగూ లెక్కపెట్టుకుని, అయిపోయాక లోపాలు వెతుక్కునే శాఖకి ఈ ఒక్క దర్యాప్తు దగ్గర మాత్రం ఆ శ్రద్ధ ఏమైంది?

వ్యాస్ హత్య కేసు తోక కూడా ఇలాంటిదే. అందులో నిందితుడైన నయీం తర్వాతి కాలంలో నక్సలైట్లకి వ్యతిరేకంగా తిరిగి, భూదందాలు, హత్యల కేసుల్లో పేరుమోసిన గ్యాంగ్‌స్టర్ అయ్యాడు. పోలీసుల్లో కొందరు వాడుకుని పెంచారన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. చివరికి 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో చనిపోయాడు. ఎలాగంటే, ఎన్‌కౌంటర్లోనే. వ్యాస్ దళం పెట్టింది ఇలాంటి ముగింపు కోసమైతే కాదనుకుంటాను.

రాష్ట్రం విడిపోయినప్పుడు గ్రేహౌండ్స్‌ని కూడా పంచారు. హైదరాబాద్‌లోని శిక్షణ కేంద్రం మూడేళ్లు రెండు రాష్ట్రాలకీ ఉమ్మడిగా ఉండాలని, ఆంధ్రాకి అలాంటిదే కొత్తది కట్టుకోడానికి కేంద్రం సాయం చేయాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. దళాలు పెట్టడం పోలీసుల పని. కానీ ఒక దళం శిక్షణ గురించి పార్లమెంటు చట్టంలో ఒక సెక్షనే ఉందంటే, దానికున్న విలువ అది.

2025 నవంబరు 18న మళ్లీ ఆ పేరు మోగింది. మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు అగ్రనేత హిడ్మాతో సహా ఆరుగురు చనిపోయారని పోలీసులు ప్రకటించారు. అది నిజంగా ఎదురుకాల్పులేనా, విచారణ జరపండని పౌరహక్కుల సంఘాలు అడిగాయి. అదే రోజు వార్త ఇంకొకటి మన గుమ్మంలోకే వచ్చింది. విజయవాడ న్యూ ఆటోనగర్ సహా కృష్ణా, ఏలూరు, కాకినాడ వైపు దాదాపు 50 మంది మావోయిస్టులు అరెస్టయ్యారు. లారీ బాడీలు కట్టే చోట, పక్కనే మన ఫ్రెండ్స్ బైకులు రిపేరు చేయించుకునే చోట, అడవి నుంచి వచ్చినవాళ్లు అద్దెకుంటున్నారని ఊరికి తెల్లారేదాకా తెలియదు.

అక్కడ పోలీసులు వెళ్లాల్సింది మారేడుమిల్లి కొండల్లోకి కాదు, మనుషులు కాపురాలుంటున్న సందుల్లోకి. యాభై మందీ ప్రాణాలతో కోర్టు మెట్లెక్కారు.